ఆయకట్టు లేని నిండు చెరువు
(ఇబ్రహీంపట్నము పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ఈ సాయంకాలము మీ పఠనమందిరమున నాలుగు మాటలు చెప్పుడని కార్యకర్తలు కోరినప్పుడు, దేనిని గూర్చి చెప్పవలయునని నేనడిగితిని. "మీకు తెలిసినదానిని గూర్చియే చెప్పుడు" అనిరి. నాకు తెలిసినవి రెండే. ఒకటి భూమిని దున్నుట. రెండవది ఆ భూమినే అమ్ముట. మొదటిది మా తండ్రి నేర్పెను. రెండవది కాలము నేర్పెను. ఈ రెంటి నడుమ నేను పోగొట్టుకొన్నది యేదియో కలదు. దాని పేరు చాలకాలము నాకు తెలియలేదు. ఆ పేరును వెదకుటయే నేటి యుపన్యాసము.

విషయము చిన్నదిగ దోచవచ్చును. కడుపునకు చాలినంత దొరకని వారీ యూరనే యున్నారు. వారి యెదుట, "నాకన్నియు గలవు, కాని యేదియో కొరతగా నున్నది" యని చెప్పుకొనుట సిగ్గుచేటు. అది నిండిన కడుపువాని బేరమని వారు నవ్వుదురు. నవ్వనిండు. ఆ నవ్వులో న్యాయము కలదు. కాని రోగము ధనికునకు వచ్చినను రోగమే. అంతేకాదు, ధనికుని యీ రోగము వాని యింటితో నాగునది కాదు. మందని యెంచి వాడు చేయు పనులవలన ఊరంతయు చెడుచున్నది. అందుచేతనే దీనిని నలుగురి యెదుట చర్చింపదగునని నిశ్చయించితిని.

మన యూరు హైదరాబాదు నగరమునకు ఆగ్నేయముగా, నాగార్జునసాగరమునకు బోవు బాటమీద, సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. మా చిన్ననాట ఆ దూరము దూరముగనే యుండెడిది. పాలక్యానులు, కూరగాయల గంపలు ఎత్తుకొని తెల్లవారుజామున బస్సెక్కువారికి దక్క నగరముతో మనకు పని తక్కువ. తరువాత 158 కిలోమీటర్ల ఔటరు రింగు రోడ్డు నగరమును చుట్టివచ్చి, బొంగులూరు కడ మన బాటను దాటిపోయెను. ఆదిభట్లలో టాటావారి విమానభాగముల కర్మాగారములును, సాఫ్టువేరు కార్యాలయమును వెలసినవి. ఒకనాడు వానకై మొగమెత్తి చూచిన మెట్టనేలల నడుమ నేడు హెలికాప్టరుల దేహములు తయారై సముద్రములు దాటుచున్నవి. ఎకరముల లెక్క పోయెను. గజముల లెక్క వచ్చెను. తాతలనాడు పంట పండక శిస్తుకట్టలేక విడిచివేయ దలచిన నేల, మనుమల చేతిలో బంగారమాయెను.

ఆ మనుమలలో నేనొకడను. నాకిప్పుడు ఏబది దాటినవి. మా తండ్రికి చెరువు క్రింద నాలుగెకరముల తరి, గట్టు ప్రక్కను కొంత ఖుష్కి యుండెడివి. ఆయన కన్నుమూసిన రెండేండ్లకు ఖుష్కిని, మరి మూడేండ్లకు తరిని అమ్మితిని. నన్నెవ్వరు బలవంతపెట్టలేదు, మోసగించలేదు. ఋణములు తీరినవి. కూతురు చదువుకొన్నది. కుమారుడు పరదేశమున నుద్యోగము చేయుచున్నాడు. బాటమీద నాలుగు దుకాణములు కట్టించితిని. నెల మొదటి వారమున అద్దెలు బ్యాంకులో బడును. పడినట్లు సెల్‌ఫోనులో చిన్నగంట మ్రోగును. ఆ గంట మ్రోగినప్పుడు మొదటి సంవత్సరము సంతోషమాయెను. రెండవ సంవత్సరము నిశ్చింతగా నుండెను. మూడవ సంవత్సరము మొదలు, అది మ్రోగినను మ్రోగకున్నను నాలో నేదియు కదలుట మానెను.

తెల్లవారి నాలుగు గంటలకు మెలకువ వచ్చుట రైతుబిడ్డకు పుట్టుకతో వచ్చిన యలవాటు. లేచెదను. లేచి చేయవలసిన పని యుండదు. నీరు కట్టవలసిన మడి లేదు, మేతవేయవలసిన పశువు లేదు, కేకవేసి పిలువవలసిన మనిషి లేడు. వైద్యుని కడకు పోతిని. నడువుమనెను. నడచితిని. గుడికి పోతిని, తీర్థములు తిరిగితిని. కొత్తకారు కొంటిని. అన్నిటి తరువాతను తెల్లవారి నాలుగు గంటలు యథాప్రకారముగనే వచ్చుచుండెను.

2022 వ సంవత్సరపు వానకాలమున మన పెద్దచెరువు చాలయేండ్లకు నిండినది మీరందరెరుగుదురు. చూచుటకు ఊరూరివారు వచ్చిరి. కట్టమీద తిరునాళ్లవలె జనము. పసిపిల్లలకు అంత నీరు చూచుట అదే మొదటిసారి. నేనును పోయి నిలుచుంటిని. నా ప్రక్కను మా పొలములో ముప్పదియేండ్లు జీతమున్న ముసలివాడొకడు నిలిచియుండెను. మా పొలమున్న చోటనే లేచిన వెంచరునకు ఆతడిప్పుడు రాత్రి కావలివాడు. నన్ను చూచి, "పటేలా, చెరువైతే నిండె. గీ నీళ్లన్ని ఎవల పొలానికి పోవాలె?" అని యడిగెను. "ఏమో మామా" అంటిని.

సోదరులారా! ఆతడు నన్ను నిందింపలేదు, ఎత్తిపొడువలేదు. ఉన్నమాట అడిగెను. కట్టక్రింద మా మడుల తావున సున్నపురాళ్లు పాతిన ప్లాట్లు. చెరువు నిండినది, ఆయకట్టు లేదు. ఆ క్షణమున నాకు నా రోగము పేరు దొరకినట్లాయెను. నేనును అట్టి చెరువునే. నాలోను నీరు నిండినది. ఏ మడికిని పారుటలేదు.

చెరువును గూర్చి తెలిసినవారికి ఇందలి ప్రమాదము తెలియును. చెరువునకు కట్ట యెంత ముఖ్యమో తూము నంత ముఖ్యము. కట్ట నీటిని నిలుపును. తూము నీటికి అర్థమిచ్చును. తూము పూడిన చెరువు నిండినకొలది తన కట్టకే గండము. నడివయస్సున మనలో బయలుదేరు వెలితి వట్టితనము కాదని నా నమ్మకము. అది పారుటకు దారిలేని నిండుదనము. దీనిని వట్టితనమని పొరపడి, ఇంకను నింపుటకు పూనుకొందుము. తప్పంతయు నచ్చటనే యున్నది.

ఏమేమి చేయుచున్నామో చూడుడు. ఇచ్చట ఎకరమమ్మినవాడు ఇంకను దూరపు టూళ్లకు బోయి నాలుగెకరములు కొనును. దున్నుటకు కాదు, ధర పెరుగుటకు. అచ్చటి రైతు అమ్ముకొని మరింత దూరము పోవును. కౌలుదారునకు కౌలు పోవును. కూలివానికి కూలి పోవును. ఒకని మనస్సులోని వెలితి ఈ తీరున నాలుగూళ్లకు వ్యాపించును. మరియొకడు కూతురి పెండ్లికి ఊరంత పందిరి వేయించును. దానిని చూచి లేనివాడు అప్పుచేసి అంత పందిరియు వేయించును. ఇంకొకడు ఎన్నికలలో నిలుచును. వేరొకడు సీసాను ఆశ్రయించును. ఒక్కరికైనను ఆకలి తీరుట నేను చూడలేదు.

ఇది నేటి సంగతి మాత్రమే కాదు. మన మహాభారతమున యయాతి కథ కలదు. రాజ్యము, భోగము, సంతానము అన్నియు నున్నవాడు. శుక్రుని శాపమున ముదిమి పైబడగా, తనకింకను తనివి తీరలేదని కొడుకులను యౌవనము యాచించెను. పూరుడిచ్చెను. వేయేండ్లనుభవించి, భోగముచేత కోరిక చల్లారదని కట్టకడపట దెలిసికొని, కొడుకు వయస్సు కొడుకునకు తిరిగియిచ్చెను. ఈ కథకును మన యూరికిని ఒక చుట్టరికము కలదు. మన పట్టణమునకు పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలెను. చిన్నతనమున విజయనగరమున తలదాచుకొని తెలుగు రుచి మరిగినవాడు. తెలుగుకవు లాయనను మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాయనకే అంకితమిచ్చెను. ఆ కాలముననే పొన్నెగంటి తెలగన యయాతిచరిత్రమును రచించి, పటాన్‌చెరువు ప్రాంతపు అమీనుఖానునకు కృతియిచ్చెను. అచ్చతెనుగున వెలసిన మొదటి కావ్యమదియే. మన చెరువు కట్ట లేచిన కాలమున, మన గడ్డమీదనే, తెలుగుకవి మొట్టమొదట అచ్చతెనుగు చేయదలచిన కథ, అన్నియుండియు తనివిలేని మనుజుని కథ యగుట నాకు ఆశ్చర్యము గొలుపును.

పురాణకథ యని త్రోసివేయువా రుందురు. చరిత్రలోనిదే చెప్పెదను. రుష్యాదేశపు టాల్‌స్టాయి 1828 లో బుట్టినవాడు. ఏబది యేండ్లకు సమీపించునప్పటికి లోకమంతట పేరు, విస్తారమైన భూములు, నిండు సంసారము నాయనకు గలవు. అట్టియెడ నొకనాడు, సమారా ప్రాంతమున వేలకొలది దెస్యాతీనుల నేల, వందలకొలది గుఱ్ఱములు నాకుండుగాక, తరువాత నేమి యను ప్రశ్న పట్టుకొనెను. ఆత్మహత్య తలపు రాగా, ఇంటిలోని త్రాడును తనకంట బడకుండ దాచుకొనవలసివచ్చెనని తన జీవితకథలో తానే వ్రాసికొనెను. ఆ తరువాత ముప్పదియేండ్లు ఆయన ఆ ప్రశ్నతో పోరాడెను. కరవులో అన్నశాలలు నడిపెను, నాగలి పట్టెను. కడపట 1910 లో ఇల్లు వెడలి, ఆస్తాపోవో అను చిన్న రైలుస్టేషనులో ప్రాణములు విడిచెను. అంతటివాని నంతగా బాధించిన దానిని, తిన్నది అరుగక వచ్చిన వికారమని మనము కొట్టివేయరాదు.

మన పెద్దలు దీనిని ముందే కనిపెట్టిరని నా యభిప్రాయము. ఏబది దాటినవాడు వానప్రస్థము చేయవలెననుట అందుకే. అడవికి పోవుట నేడు పొసగదు; పోవుటకు అడవులును మిగులలేదు. కాని వారు మరియొక మార్గమును గూడ చెప్పియుండిరి. దానిని మనము పేరు మాత్రము మిగిల్చి మరచితిమి. అదియే సప్తసంతానములు. పుత్రుడు, తటాకము, వనము, దేవాలయము, అగ్రహారము, కృతి, నిధి యనునవి ఏడు. వీనిలో కడుపున బుట్టునది యొక్కటియే. తక్కిన యారును చేతులార చేసికొనవలసినవి. వీనిని పెద్దలు దానములనలేదు, ధర్మములనలేదు, సంతానములనిరి. ఈ మాటను నేను చాలసార్లు వింటిని. గాని దాని బరువు నాకు మొన్నటివరకు తెలియలేదు. దానమనగా ఇచ్చి చేతులు దులుపుకొనుట. సంతానమనగా కని పెంచుట. బిడ్డను కని వదలివేయువానిని లోకము తండ్రి యనదు. చెరువును త్రవ్వించి పూడిక తీయించనివాడును అట్టివాడే.

కడప మండలమున పోరుమామిళ్ల చెరువు కట్టకడ 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు ఆ చెరువు కట్టించెను. దినమునకు వేయిమంది చొప్పున రెండేండ్లు పనిచేసిరని అందు గలదు. మంచి చెరువునకు వలసిన అంగములు పండ్రెండని లెక్కించి, అందు మొదటిదిగా మట్టినిగాని నీటినిగాని చెప్పక, ధర్మబుద్ధియు ధనమును గల ప్రభువును చెప్పిరి. అనగా ధనమును వారు నిరసింపలేదు. చెరువునకు మొదటి యంగముగా నెంచిరి. ధనికుడు సిగ్గుపడవలసినది తనకు నీరున్నందుకు కాదు. తన క్రింద ఆయకట్టు లేనందుకు.

మన దేశమున దశబంధమను మరియొక పద్ధతి యుండెడిది. చెరువు కట్టించినవానికి, లేదా బాగుచేయించినవానికి ఆ చెరువు క్రిందనే కొంత మాన్యమిచ్చుట. దాని ఫలముతో ఆతడు చెరువును కనిపెట్టుకొని యుండుట. చూడుడు, ఎంతటి యుపాయము! చెరువు మేలే వాని మేలు. కట్ట తెగిన వాని చేనును మునుగును. వాడు ఊరికి ఉపకారము చేయువాడు కాడు, ఊరిలో భాగస్వామి. నేడు మనలో ధనికుడు ఊరికి చందాలిచ్చును, ఊరిలో భాగస్వామి మాత్రము కాడు. ఊరు మునిగినను వాని యద్దెలు వాని బ్యాంకులో పడుచునే యుండును. వాని వెలితికి మూలమిదియే. వాడు లేకున్నను ఆగిపోవు పని యొక్కటియు లేదు.

ఇట్టి వెలితిని తీర్చుకొన్న తెలుగువా రిరువురను గూర్చి చెప్పెదను.

మొదటివారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1867 లో కృష్ణామండలపు ఎలకుర్రులో పుట్టిరి. బొంబాయి చేరి 1893 లో అమృతాంజనమును తయారుచేయ మొదలిడిరి. తలనొప్పి మందు వారిని ధనవంతులను జేసెను. నలుబది యేండ్ల వయస్సున, 1907 లో సూరతు కాంగ్రెసునకు పోయివచ్చిన పిమ్మట, తెలుగువారికి తగిన పత్రిక లేని లోటు వారి మనస్సును కలచెనని చెప్పుదురు. గమనింపుడు: వారికిని లోటు తోచెను, కాని తమలోని లోటుగా కాదు, తమవారిలోని లోటుగా తోచెను. 1908 లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914 లో చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రికను జేసిరి. 1924 లో భారతిని, 1926 లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పిరి. ఉప్పు సత్యాగ్రహపు రోజులలో చెరసాలకు బోయిరి. 1938 లో స్వర్గస్థులగువరకు ఈ సంతానమును పెంచుచునే యుండిరి. వారు వ్యాపారమును విడువలేదు. అమృతాంజనము చెరువైనది, పత్రిక తూమైనది, తెలుగుదేశమంతయు ఆయకట్టైనది. దేశోద్ధారకుడని లోకము వారిని పిలిచినది సొమ్మున్నందుకు కాదు.

రెండవవారు మనకు దాపుననే యున్న పోచంపల్లికి చెందిన వెదిరె రామచంద్రారెడ్డిగారు. 1951 ఏప్రిలులో వినోబాభావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చి, అచ్చటినుండి తెలంగాణపల్లెలకు కాలినడకను బయలుదేరెను. భూమికై తుపాకులు ప్రేలుచున్న కాలమది. ఆ నెల 18 వ తేదీని పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరములుండిన బ్రతుకుదుమనిరి. వినోబా గ్రామస్థులవైపు తిరిగి యడిగెను. రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములిచ్చెదననిరి. నడివయస్సున నున్న భూస్వామి, నలుగురి నడుమ, అడిగినదానికన్న నెక్కుడిచ్చుట అప్పటివరకు దేశము చూడనిది. భూదానోద్యమ మా మాటతో బుట్టెను. ఆయన ఆ నాటితో చేతులు దులుపుకొనలేదు. ఆ పిమ్మట ఆ యుద్యమములో పనిచేసిరి.

కాని నిజము దాచరాదు. ఆ యుద్యమమున దేశమంతట లక్షలకొలది ఎకరములు వాగ్దానము చేయబడినవి. అందు కొంత రాతినేల. కొంత వ్యాజ్యములలో చిక్కినది. కొంత కాగితములమీదనే నిలిచిపోయినది. పంచబడినదానిలోను కొంత తిరిగి బలవంతుల చేతిలో బడినది. ఏల? ఇచ్చినవారు పెక్కండ్రు, పెంచినవారు కొందరే. ఇచ్చుట ఒక సాయంకాలపు పని. కనిపెట్టుకొని యుండుట ఏండ్ల పని. దానమైన భూమి పోయెను. సంతానమైన భూమి నిలిచెను.

ఈ పాఠమును నేను గ్రంథములలో చదివి నేర్చినది కాదు. కట్టమీద ఆ ముసలివాని ప్రశ్న విన్న తరువాత నాకును ఆవేశము వచ్చెను. ఒక పాఠశాలకు బీరువానిండ పుస్తకములు కొనియిచ్చితిని. పూలమాల వేసిరి, శాలువ కప్పిరి, ఛాయాచిత్రము తీసిరి. ఇంటికివచ్చి ఆ రాత్రి సుఖముగా నిద్రించితిని. ఏడాది తరువాత ఏదో పనిమీద అటు పోయి చూడగా, బీరువాకు వేసిన తాళము వేసినట్లే యున్నది, అద్దముమీద దుమ్ము. తాళపుచెవి యెవరికడ నున్నదో ఎవ్వరికిని తెలియదు. ఉపాధ్యాయులకు తీరిక లేదు. పిల్లలకు ధైర్యము లేదు. నాకు కోపము వచ్చెను. మరుక్షణమే సిగ్గు వచ్చెను. బిడ్డను గుమ్మమున వదలి పోయినవాడు, ఇంటివారు పెంచలేదని కోపగించుట యెట్లు న్యాయము?

ఇప్పుడు వారమునకు రెండు దినములు నేనే పోవుచున్నాను. తాళపుచెవి నా జేబులో నున్నది. పిల్లలు పుస్తకములు తీసికొందురు, కొన్ని చించుదురు, కొన్ని తిరిగి తేరు. ఒక పిల్ల ప్రతి మంగళవారము గుమ్మముకడ నిలిచి, "ఇయ్యాల ఆలస్యమైంది సారూ" అని నన్ను దండించును. నేను రాకున్న నొకరు కనిపెట్టుదురు! సోదరులారా, నాలుగు దుకాణముల అద్దె ఇయ్యలేనిది ఆ యొక్క మాట ఇచ్చినది.

ఇంతమాత్రమున నేను ఋణవిముక్తుడనైతినని చెప్పను. ముప్పదియేండ్లు మా పొలమున చెమటోడ్చిన యా ముసలివానికి పొలమమ్మిన సొమ్ములో చిల్లిగవ్వ రాలేదు. చట్టము ఇమ్మనలేదు, నేనియ్యలేదు. ఆతని పేరు ఏ పాసుపుస్తకమునను లేదు. మన ప్రాంతమున భూముల ధర పెరిగినప్పుడు పట్టాదారు ధనికుడాయెను; కౌలుదారు, కూలివాడు, జీతగాడు పనిలేనివాడాయెను. ఈ సంగతిని మన మెవ్వరము లెక్కలో వేయలేదు. మన నిద్రపట్టని రాత్రులలో ఈ లెక్కయు కొంత పనిచేయుచుండునని నా యనుమానము. మనస్సు మరచినను మనస్సాక్షి పద్దు వ్రాసికొనుచునే యుండును. ఆతని మనుమని చదువు ఇప్పుడు నా పూచీ. దీనిని దయ యనవలదు. పాతబాకీ.

ఇక మీరేమి చేయవలయునని అడుగుదురు. నా మాట సూటిగా చెప్పెదను. ఈ సభలో నున్నవారిలో భూమివలననో, వ్యాపారమువలననో, ఉద్యోగమువలననో నిలద్రొక్కుకొన్నవారు పలువురు కలరు. ప్రతివాడును తనమీద తాను దశబంధము విధించుకొనవలయును. ఆదాయములో పదియవవంతు మాత్రము చాలదు. మెలకువగా నున్న కాలములో పదియవవంతు కూడ. సొమ్ము పంపుట సులువు. మనిషి పోవుట కష్టము. కష్టమైనదియే మందు.

పనులకు కొదువలేదు. మన చెరువునకు నీరు తెచ్చు కాలువలు ప్లాట్ల క్రింద, చెత్త క్రింద పూడుకొనిపోవుచున్నవి. నిండిన నాడు కట్టమీద నిలిచి ఫోటోలు తీసికొన్న మనము, ఎండిన నాడు ఆ కాలువల వెంట ఒకమారైన నడచితిమా? ఏ కాలువ యెచ్చట మూయబడినదో మనలో ఏబది దాటినవారికే తెలియును. మన తరువాతివారికి ఆ నేలమీద కాలువ యుండెనన్న సంగతియే తెలియదు. మనము పోకమునుపు ఆ దారులను గుర్తించి, కాగితమున నెక్కించి, అధికారుల యెదుట నిలిచి పోరాడవలయును. అందు కొన్ని పూడ్పులు మన మమ్మిన భూములలోనే యున్నవని బయటపడును. పడనిండు. ఈ పఠనమందిరమునే చూడుడు. పత్రికలకు చందా కట్టువారున్నారు. సాయంకాలము దీపము వెలిగించి కూర్చుండువారు లేరు. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి యింటిలో మొదలైనది. కలిగినవాడు సొమ్ముతోపాటు తన యింటి తలుపు కూడ తెరచెను గనుకనే, నిజాము రాజ్యమున తెలుగునకు నిలువనీడ దొరకెను.

మహాశయులారా! ధనము సంపాదించుట తప్పని నేననలేదు. పేదరికమును చూచినవాడెవ్వడు నామాట ననడు. మా తల్లి చెవికమ్మలు తాకట్టుపెట్టి విత్తనములు కొన్న దినములు నాకు జ్ఞాపకమున్నవి. అవి తిరిగి రావలెనని నేను కోరను. నడివయస్సున వచ్చు ఈ వెలితిని చూచి భయపడవలదని మాత్రమే నా మనవి. దానిని సీసాతో ముంచవలదు, ప్లాట్లతో పూడ్పవలదు. అది రోగమువలె వచ్చును గాని, నిజమునకు కబురు. చెరువు నిండినది, తూమెత్తుమని నీరటికాడు వేయు కేక యది. వినినవాడు ధన్యుడు.

ఆ ముసలివాని ప్రశ్నకు నాడు నేను "ఏమో" యంటిని. నేడైనను పూర్తి సమాధానము నాకు లేదు. కాని తెల్లవారి నాలుగు గంటలకు మెలకువ వచ్చినప్పుడు, మంగళవారమైనచో, తాళపుచెవి యెచ్చట బెట్టితినాయని వెదకుకొనుచున్నాను. అంతమాత్రము మార్పు వచ్చినది. మీలో ఏ యొక్కరికైనను అట్టి తాళపుచెవి దొరకినచో, ఈ సాయంకాలము వృథాపోలేదని సంతసింతునని విన్నవించి విరమించుచున్నాను.